ఫోటో ఉంది, అనుమతి ఎక్కడ? స్వచ్ఛంద సంస్థల్లో ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

వార్షిక నివేదిక ముద్రణకు వెళ్లే వారంలో స్వచ్ఛంద సంస్థల కార్యాలయాల్లో ఒకే ప్రశ్న పదేపదే వినిపిస్తుంది: "ఈ ఫోటో వాడొచ్చా?" తీసిన కార్యకర్త సెలవులో ఉంటారు, సమ్మతి పత్రాలు బీరువాలోని ఏదో ఫైలులో ఉంటాయి, ఫోటో మాత్రం నాలుగు వాట్సాప్ గ్రూపులు దాటి, మసకబారి, డిజైనర్ కంప్యూటరులోకి చేరిపోయి ఉంటుంది. చాలా ఏళ్లుగా ఈ పని చూస్తున్నాను. ఇందులో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం అనుమతి ఒకచోట, ఫోటో మరొకచోట ఉండడం వల్లనే వస్తున్నాయని నా నమ్మకం.

పత్రమూ ఉంది, ఫోటోలూ ఉన్నాయి, ఏది ఎవరిదో తెలియదు

లక్షణం: వైద్య శిబిరానికి వచ్చిన అరవై మంది సంతకాలు ఉన్నాయి, రెండు వందల ఫోటోలు ఉన్నాయి, కానీ పసుపు చీర కట్టుకుని కళ్లు పరీక్ష చేయించుకుంటున్న పెద్దావిడ పత్రం ఏదో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

కారణం: పత్రంలో పేరు, ఊరు, సంతకం ఉంటాయి తప్ప ఫోటోను గుర్తుపట్టే ఆధారం ఉండదు. ఫోన్ తనకు తోచిన పేరుతో ఫైలును దాస్తుంది, వాట్సాప్‌లో పంపగానే ఆ పేరు కూడా మారిపోతుంది.

పరిష్కారం: పిల్లల పలక, సుద్దముక్క చాలు. ప్రతి సమ్మతి పత్రం మీద ముందుగానే వరుస సంఖ్య అచ్చు వేయించాలి. వ్యక్తి సంతకం గానీ వేలిముద్ర గానీ వేసిన తరువాత, పత్రం మీది సంఖ్యను పలక మీద పెద్దగా రాసి, మొదట ఆ పలకను ఫోటో తీయాలి, తరువాత ఆ వ్యక్తిని తీయాలి. మళ్లీ పలక కనిపించే వరకు ఉన్న ఫోటోలన్నీ ఆ సంఖ్యవే. సాయంత్రం కార్యాలయానికి వచ్చాక ఫైలు పేరును తేదీ, ఊరి సంకేతం, పత్రం సంఖ్య వచ్చేలా మార్చాలి: 2025-06-14, ఆపై ఊరి సంకేతం, ఆపై 042. పలక మీద వ్యక్తి పేరు మాత్రం రాయకూడదు, ఎందుకంటే ఆ ఫోటో పొరపాటున బయటికి వెళ్లినా సంఖ్య ఒక్కటే కనిపించాలి. ఆ పైన ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, పత్రం సంఖ్య, దేనికి వాడవచ్చు, ఎప్పటివరకు వాడవచ్చు, ఇప్పటివరకు ఎక్కడెక్కడ వాడాము అనే నాలుగు గడులు పెడితే చిన్న సంస్థకు సరిపోతుంది. ఫోటోలు వేలల్లోకి పెరిగినప్పుడు డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అదే సంఖ్యను ఫోటో లోపలి సమాచారంలోనే రాసిపెట్టవచ్చు. అప్పుడు ఫైలు పేరు మారినా సంఖ్య పోదు. అయితే వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ లోపలి సమాచారం కూడా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, అసలు ఫైలును డ్రైవ్‌లోకి ఎక్కించడం గానీ డాక్యుమెంట్‌గా పంపడం గానీ అలవాటు చేసుకోవాలి.

ఎవరూ వద్దనడం లేదు

దీన్ని చాలామంది సమస్యగానే గుర్తించరు. వంద మందిని అడిగితే వంద మందీ సంతకం పెట్టారంటే నాకు సంతోషం కన్నా దిగులే ఎక్కువగా కలుగుతుంది. బియ్యం, పప్పు, నూనె ఉన్న సంచి ఒక చేత్తో ఇస్తూ మరో చేత్తో పత్రం చాపితే, ఎదుటి మనిషికి అది సంచి ముట్టినట్టు రసీదులాగే కనిపిస్తుంది. వద్దంటే వచ్చే నెల తన పేరు జాబితాలో ఉండదేమోనన్న భయం పైకి చెప్పుకోలేనిది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా, నిర్దిష్టమైన పనికి, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు పూర్తయ్యేదాకా ఆగవలసిన పని లేదు.

సరిచేయడానికి చేయవలసినవి ఇవి. సాయం అంతా ఇచ్చేసిన తరువాతే అనుమతి అడగాలి, అదీ పంపిణీ చేసిన మనిషి కాకుండా వేరొకరు, వీలైతే ఆ ఊరి స్వయం సహాయక సంఘం సభ్యురాలు, అడగాలి. "మీరు వద్దన్నా మీకు రావలసింది ఏదీ ఆగదమ్మా" అనే మాటను పత్రం చదవక ముందే చెప్పాలి. పత్రంలో "అంగీకరిస్తున్నాను" అనే గడి పక్కనే అంతే పెద్ద అక్షరాల్లో "వద్దు" అనే గడి ఉండాలి. భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. చట్టం ప్రకారం రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషల్లో నోటీసు కోరే వీలుంది, అందులో తెలుగు, ఉర్దూ ఉన్నాయి, కానీ లంబాడీ, కోయ, గోండి లేవు. తండాలోని ముసలమ్మకు తెలుగు పత్రాన్ని గడగడా చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటే ఆమెకు విషయం తెలిసినట్టు కాదు. ఆమె భాషలో చెప్పగలిగిన మనిషిని వెంట తీసుకువెళ్లాలి, చెప్పింది ఎవరో పత్రంలో రాయాలి.

ఒప్పుకున్న మనిషే ఇప్పుడు బాధపడుతున్నారు

కుట్టు శిక్షణ పొందిన ఒక మహిళ మా కార్యకర్తకు ఫోటో ఇచ్చారు, నవ్వుతూనే ఇచ్చారు. రెండు నెలల తరువాత మండల కేంద్రంలోని బస్టాండు దగ్గర మేము కట్టించిన ఫ్లెక్సీలో ఆమె ముఖం నిలువెత్తున కనిపించింది. కింద "భర్తను కోల్పోయి దిక్కులేని స్థితి నుంచి" అని రాసి ఉంది. ఆమె కార్యాలయానికి వచ్చి, కోపంగా కాకుండా చాలా నెమ్మదిగా, "మీ ఆఫీసు పుస్తకంలో వేస్తారనుకున్నానండీ, మా వదినవాళ్లు రోజూ ఆ బస్టాండులోనే దిగుతారు" అన్నారు. ఫ్లెక్సీ ఆ సాయంత్రమే దించాము. ఆ మాట మాత్రం నన్ను విడిచిపోలేదు.

కారణం మా పత్రంలోనే ఉంది: "సంస్థ ప్రచార అవసరాలకు" అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యానికి ఆమె మనసులో ఒక అర్థం, మా మనసులో మరో అర్థం. ఇప్పుడు ఒక్కో వాడకానికి ఒక్కో గడి పెట్టాము: సంస్థ లోపలి రికార్డు, దాతలకు పంపే నివేదిక, వెబ్‌సైటు, ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్, పత్రికలు, ఊళ్లో కట్టే ఫ్లెక్సీ. అడిగేటప్పుడు పాత నివేదికను, పాత ఫ్లెక్సీ ఫోటోను చేతిలో పెట్టి చూపిస్తాము. ఫోటో కింద రాసే వాక్యాన్ని కూడా చదివి వినిపించి ఒప్పించుకుంటాము, ఎందుకంటే నొప్పించేది చాలాసార్లు ఫోటో కాదు, దాని కింది మాట. ఈ గడుల్లో ఏది ఖాళీగా ఉంటే అది వద్దన్నట్టే లెక్క.

ముఖం కనిపించకుండా చేసినా పిల్లవాడిని గుర్తుపట్టారు

ముఖాన్ని మసక చేస్తే చాలనుకోవడం ఇక్కడి పొరపాటు. యూనిఫారం మీది బడి గుర్తు, వెనక గోడ మీది ఊరి పేరు, పక్కనే నిలబడిన తల్లి ముఖం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఊళ్లోవాళ్లకు చాలు. బాల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షను ప్రకారం చట్టంతో సంఘర్షణలో ఉన్న (అంటే నేరం చేశారన్న ఆరోపణ ఉన్న లేదా అది తేలిన) పిల్లల, సంరక్షణ అవసరమైన పిల్లల, నేరానికి గురైన లేదా సాక్షులైన పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో వంటి గుర్తింపు వివరాలు ఏవీ ప్రచురించకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు గానీ, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక్కడ తల్లిదండ్రుల సంతకం రక్షణ కాదు, హాస్టల్ వార్డెన్ సంతకం అసలే కాదు. పిల్లల మేలు కోసమేనని భావిస్తే విచారణ జరిపే బాల న్యాయ బోర్డు లేదా బాలల సంక్షేమ కమిటీ కారణాలు రాసి అనుమతించవచ్చు. లైంగిక నేరాల బాధిత పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం, పెద్దలకు భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షను ఇలాంటి రక్షణే ఇస్తాయి. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి విషయంలో 2017 చట్టం ఉంది కాబట్టి, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం బోర్డు ఎదుట నిలబెట్టి తీసిన ఫోటో కూడా ప్రమాదమే.

అందువల్ల తీసిన తరువాత దాచే ప్రయత్నం కన్నా, తీసేటప్పుడే వెనక నుంచి, చేతులను, నోటు పుస్తకాన్ని, బొమ్మ గీస్తున్న వేళ్లను తీయడం మేలు. మిగతా పిల్లల విషయంలో, అంటే 18 ఏళ్లు నిండని ఎవరి విషయంలోనైనా, తల్లి లేదా తండ్రి సమ్మతి తీసుకోవాలి, దానితోపాటు పిల్లలను కూడా అడగాలి. తల్లి ఒప్పుకున్నా పిల్ల తల తిప్పుకుంటే కెమెరా దించేయాలి.

ఫోటోలోనే ఇంటి చిరునామా ఉంది

సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఇచ్చేవారు, ప్రభుత్వ పథకాల అధికారులు పని జరిగిన చోటుకు రుజువుగా జియోట్యాగ్ ఫోటోలు అడుగుతారు. కార్యకర్తలు జీపీఎస్ మ్యాప్ కెమెరా వంటి యాప్‌తో తీస్తారు. ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు, సమయం ఫోటో కిందనే అచ్చుపడతాయి. అదే ఫోటో సోషల్ మీడియాలోకి వెళ్తే ఒంటరిగా ఉండే మహిళ ఇంటికి దారి చూపినట్టే అవుతుంది. ఫైలు లోపలి సమాచారం తొలగించినా, బొమ్మ మీద అచ్చయిన అక్షరాలు పోవు. రుజువు కోసం ఒక ఫోటో, ప్రచురణ కోసం లొకేషన్ ఆపిన మామూలు కెమెరాతో మరో ఫోటో తీసి, రెండింటినీ వేర్వేరు ఫోల్డర్లలో ఉంచాలి. రుజువు ఫోటోలో నిర్మాణం, బోరు, మరుగుదొడ్డి కనిపిస్తే చాలు, మనిషి ఉండనవసరం లేదని నిధులిచ్చేవారికి ముందే రాయాలి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

తొలగించాము, అయినా కనిపిస్తూనే ఉంది

సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలని డేటా పరిరక్షణ చట్టమే చెబుతోంది. వెబ్‌సైటులో తీసేసినా గూగుల్ వెతుకులాటలో కొన్నాళ్లు పాత బొమ్మ వస్తుంది. కాలం చెల్లిన ఫలితాలను తాజా చేయమని కోరడానికి గూగుల్‌లోనే ఒక దరఖాస్తు ఉంది. కష్టమంతా భాగస్వామ్య సంస్థలకు, డిజైనరుకు, పత్రికలకు పంపిన ప్రతులతోనే. "ఎక్కడెక్కడ వాడాము" గడి అందుకే పెట్టింది: అందులో ఉన్నవారందరికీ ఆ రోజే రాసి, తీసేశామన్న జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉండాలి. అచ్చయిపోయిన పుస్తకాలను వెనక్కి తెప్పించలేమని సమ్మతి తీసుకునే రోజునే ఆ మనిషికి చెప్పి ఉండాలి.

పత్రమే లేని పాత ఫోటోలు

పాత హార్డ్ డిస్కులో ఏళ్ల తరబడి పేరుకున్న ముఖాలను ఏం చేయాలో చాలా సంస్థలకు తోచదు. వాటిని వేరే ఫోల్డరులో పెట్టి, తెరిచే అధికారం ఇద్దరికి మించి ఇవ్వకుండా, ప్రచురణకు పూర్తిగా ఆపేయాలి. అత్యవసరమైన కొన్నింటికి మాత్రం కొత్తగా అనుమతి అడగవచ్చు. ఆ ఊరికి వెళ్లేటప్పుడు ఫోటోను ప్రింటు తీయించి తీసుకువెళ్లాలి. అందులోని మనిషి కాలం చేసి ఉండవచ్చు, కూతురికి పెళ్లయి వేరే ఊరు వెళ్లి ఉండవచ్చు. ముందు ఆ ప్రింటును ఇంటివాళ్ల చేతికి ఇచ్చి, అది వాళ్లదేనని, తిరిగి ఇవ్వనక్కరలేదని చెప్పి, వాళ్లు చూసుకున్నంత సేపు ఆగి, ఆ తరువాత పత్రం బయటికి తీయాలి.