తులసి రసంతో బంగారు నానో కణాలు: సీటీలో కనబడేంత గాఢంగా చేయడం ఎలా?

ఆకు రసంతో ఎర్రటి బంగారు ద్రావణం తయారుచేయడం పెద్ద పనేం కాదు. అది సీటీ స్కాన్‌లో కనబడటమే కష్టం. 1 మిల్లీమోలార్ ద్రావణంలోని బంగారమంతా కణాలుగా మారినా మిల్లీలీటరుకు 0.2 మి.గ్రా.కు మించదు. సీటీకి అది నీళ్ల కిందే లెక్క. కాబట్టి శ్రమంతా చిక్కబరచడం మీదే పెట్టాలి.

గాజు సామాను ముందుగా ఆక్వా రీజియాతో (మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం) ఫ్యూమ్ హుడ్‌లోనే (ఆవిరులను బయటికి లాగే గూడు) కడగండి. ఆ మిశ్రమాన్ని సీసాలో పోసి మూత బిగించకండి, వాయువు పుట్టి సీసా పగులుతుంది. గోల్డ్ క్లోరైడ్ (ట్రైహైడ్రేట్) 39.4 మి.గ్రా. తూచి 90 మి.లీ. డీఅయొనైజ్డ్ నీటిలో కలపండి. ఇనుప స్పాచులా వద్దు, ఈ బంగారు లవణం దాన్ని తినేస్తుంది.

కడిగిన తులసి ఆకులు 10 గ్రాములు తరిగి, 100 మి.లీ. నీటిలో 60 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచండి. చల్లారాక వాట్‌మన్ 1 కాగితంతోనూ, ఆపైన 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తోనూ వడకట్టండి. ఈ రసం 10 మి.లీ. తీసుకుని, కలియబెడుతున్న బంగారు ద్రావణంలో పోయండి. లేత పసుపు కాస్తా కెంపు రంగుకు తిరగాలి. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో కాంతి శోషణ శిఖరం 520–540 నానోమీటర్ల మధ్య ఉంటే మంచిది. 700 దాటాక ఇంకో గూని లేస్తే త్రికోణపు పలకలో, ముద్దకట్టిన కణాలో ఉన్నట్టు. ముందు రసం కాస్త పెంచి చూడండి.

కణాలకు పూతగా ల్యాబ్ గ్రేడ్ గమ్ అరబిక్ (ఒక రకం తుమ్మ జిగురు) అర గ్రాము కరిగించి, వడకట్టి కలపండి. ఇది లేకుండా సెంట్రిఫ్యూజ్‌లో పెడితే నల్లటి ముద్ద అడుగున అంటుకుపోయి మళ్లీ కరగదు. 12,000 జి (గురుత్వాకర్షణకు 12,000 రెట్లు) దగ్గర 30 నిమిషాలు తిప్పండి. పైనీరు ఇంకా ఎర్రగా ఉంటే చిన్న కణాలు అందులోనే ఉన్నట్టు, పారబోయకుండా మళ్లీ తిప్పండి. రెండుసార్లు నీటితో కడిగి, చివరికి 1 మి.లీ.కి తెండి. ఒక చుక్కను 0.9 శాతం సెలైన్‌లో వేసి చూడండి: నీలంగా మారిందంటే పూత చాలలేదు.

బంగారం ఎంతుందో ఎండబెట్టి తూచి చెప్పకండి, ఆకు పదార్థమూ గమ్మూ ఆ బరువులో కలుస్తాయి. ఆక్వా రీజియాలో కరిగించి ఐసీపీ (ద్రావణంలో లోహం ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించాలి. మిల్లీలీటరుకు 15 మి.గ్రా. వస్తే, 200 మైక్రోలీటర్లకు 100 మైక్రోలీటర్ల నీళ్లు కలిపితే మిల్లీలీటరుకు 10 మి.గ్రా. స్థాయి. ఇలాగే 5, 2.5, 1 చేసుకోండి. పక్కన ఉత్త రసం, ఉత్త నీరు, అంతే గాఢతలో అయోడిన్ ఉన్న అయోహెక్సాల్ (సీటీలో మామూలుగా వాడే కాంట్రాస్ట్ మందు) కూడా పెట్టండి.

ట్యూబులను నీటి ఫాంటమ్‌లో (శరీరానికి బదులుగా స్కాన్ చేసే నీటి పాత్ర) ఉంచి, బుడగలు తీసేసి, స్కాన్‌కు ముందు ఓసారి తిప్పండి. కణాలు అడుగుకు దిగితే కింద ఒక అంకె, పైన ఒక అంకె వస్తాయి. హౌన్స్‌ఫీల్డ్ విలువను (సీటీలో ఎంత తెల్లగా కనబడుతుందో చెప్పే అంకె) ట్యూబు గోడకు దూరంగా, నడిమధ్యన కొలవండి.

ఎక్స్‌రే ట్యూబు వోల్టేజి 80 కేవీ (కిలోవోల్టులు) దగ్గర అయోడినే మెరుగ్గా కనబడితే కంగారు పడకండి. బంగారపు కె-అంచు (ఎక్స్‌రే శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి) 80.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ కిరణంలో అంత శక్తి ఉన్న ఫోటాన్లే ఉండవు. అయోడిన్ అంచు 33.2 దగ్గరే ఉంది కదా. బంగారపు బలం చూడాలంటే 120, 140 దగ్గర కూడా తీయాలి. ఈ ద్రావణం ట్యూబుల వరకే. ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా విషపదార్థం) పరీక్ష, సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి లేకుండా ఎలుకకు కూడా ఎక్కించకూడదు.