డెంగీ: జ్వరం దిగిన రోజే అసలు జాగ్రత్త

వానలు మొదలయ్యాయి, వెనకాలే డెంగీ వస్తుంది. దోమల సంగతి అందరూ చెబుతూనే ఉన్నారు. నేను చెప్పేది జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజుల గురించి.

డెంగీలో ప్రాణం మీదికొచ్చేది ఎక్కువగా అప్పుడే, జ్వరం మొదలైన మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. కొందరిలో సన్నని రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే నెత్తుటిలోని నీరు, పొట్టలోకీ ఊపిరితిత్తుల చుట్టూ కారిపోతుంది. గాయం ఉండదు, బొట్టు రక్తం బయటికి రాదు. అయినా నాళాల్లో తిరగాల్సింది తగ్గిపోతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. మెదడుకీ గుండెకీ రక్తం మిగల్చడానికి ఒళ్లు ముందు చర్మానికీ పేగులకీ కిడ్నీలకీ సరఫరా తగ్గిస్తుంది. అందుకే చేతులూ కాళ్లూ చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. ఇదే షాక్. ఆలస్యమైతే అవయవాలు దెబ్బతింటాయి.

బీపీ 100/80 ఉంటే చాలామంది నార్మలే అనుకుంటారు. డెంగీలో పై అంకెకీ కింది అంకెకీ తేడా 20కి పడిపోయిందంటే షాక్ మొదలైనట్టే. పిల్లలైతే ఆ స్థితిలోనూ చక్కగా మాట్లాడుతుంటారు, వాళ్ల మాటలు విని ధైర్యపడకండి. గోరు నొక్కి వదలండి, తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి.

అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అనే అడుగుతారు. అదే రిపోర్టులో పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది, రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పేది. ప్లేట్‌లెట్లు పడిపోతూ అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందన్నమాట. నా దృష్టిలో ముందు అడగాల్సింది దాని గురించే.

ఇంట్లో థర్మామీటరు, పారాసెటమాల్, ఓఆర్ఎస్ ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. గుండె జబ్బుకి ఆస్పిరిన్ వాడేవాళ్లు డాక్టరుని అడగాలి. ఇంట్లోనే సెలైన్ పెట్టించుకోవడం మాత్రం దయచేసి మానండి. లీకేజీ ఒకటి రెండు రోజుల్లో ఆగి, కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. లెక్కలేకుండా ఎక్కించిన సెలైన్ అప్పుడు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది.

కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఊరకే చిరాకు, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. నడిపించకుండా పడుకోబెట్టి తీసుకెళ్లండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయొద్దు. పాత రిపోర్టులు వెంట ఉంచుకుని, జ్వరం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు దిగిందో, చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చిందో డాక్టరుకి చెప్పండి.