పాత పేజ్‌మేకర్‌ను లినక్స్‌లో నడిపించడం ఎలా?

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నల్లకుంట ప్రాంతాల డీటీపీ సెంటర్లలో శుభలేఖలూ కరపత్రాలూ పుస్తకాలూ ఏళ్ల తరబడి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతోనే తయారయ్యాయి. పేజ్‌మేకర్ 7.0 విడుదలైనది 2001లో. అది హాయిగా నడిచిన విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనూ, విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోనూ ముగిశాయి. పాత సిస్టమ్‌ను పారేయడం ఇష్టంలేక అందులో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నవారికి, పాత ఫైళ్లను ఇప్పుడెలా తెరవాలన్నదే మొదటి చిక్కు.

దీనికి సాధారణంగా వాడే సాధనం వైన్. 1993లో మొదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ 1.0 వెర్షన్‌కు చేరడానికి 2008 వరకు పట్టింది. ఇది కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను సృష్టించదు. విండోస్ ప్రోగ్రాం అడిగే ప్రతి పనినీ అప్పటికప్పుడు లినక్స్‌కు తెలిసిన రూపంలోకి మార్చి చేయిస్తుంది. అందువల్ల విండోస్ కాపీ గానీ, దాని లైసెన్సు గానీ అక్కరలేదు; పేజ్‌మేకర్ లైసెన్సు మాత్రం మీ దగ్గర ఉండాల్సిందే.

మొదట మీ ప్రోగ్రాం ఏ కాలానిదో చూసుకోండి. విండోస్‌కు ముందున్న డాస్ కాలానిదైతే వైన్ జోలికి పోకుండా, డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్ వాడటం మేలు. 1990ల నాటి కొన్ని ప్రోగ్రాంలలో మరో మెలిక ఉంది: ప్రోగ్రాం 32 బిట్‌దే అయినా, దాని సెటప్ ఫైలు 16 బిట్‌ది కావడం వల్ల 64 బిట్ విండోస్ దాన్ని అసలు మొదలుపెట్టనివ్వదు. అలాంటి సెటప్‌లను వైన్ చాలాసార్లు నడిపిస్తుంది. కొత్త విండోస్ వద్దన్నదాన్ని లినక్స్ తెరవడం చూస్తే మొదటిసారి ఎవరికైనా నవ్వొస్తుంది.

మింట్, ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాలలో ముందుగా ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్‌ను చేర్చి, ప్యాకేజీల జాబితాను తాజా చేసి, ఆ తర్వాత వైన్, వైన్32, వైన్‌ట్రిక్స్ అనే మూడు ప్యాకేజీలను వేసుకోవాలి. వైన్32 లేకపోతే పాత ప్రోగ్రాంలలో ఎక్కువ భాగం కదలవు. ఇక్కడి వరకే అడ్మిన్ హక్కులు కావాలి. వైన్‌ను మాత్రం ఎన్నడూ సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడపకూడదు. వైన్‌లోని మై డాక్యుమెంట్స్ మీ హోమ్ ఫోల్డర్‌కే ముడిపడి ఉంటుంది కనుక, పాత సీడీలో వైరస్ ఉంటే అది మీ అసలు ఫైళ్ల దాకా రాగలదు.

తర్వాతి అడుగులో తొందరపడవద్దు. వైన్ తన సి డ్రైవ్‌నూ, సెట్టింగులుండే రిజిస్ట్రీనీ ప్రిఫిక్స్ అనే ఒక ఫోల్డర్‌లో ఉంచుకుంటుంది. ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో ప్రిఫిక్స్ కేటాయించండి. నేను మొదట్లో మూడు ప్రోగ్రాంలను ఒకే ప్రిఫిక్స్‌లో వేసి, ఒకదాని కోసం మార్చిన డీఎల్ఎల్ (ప్రోగ్రాంలు పంచుకునే ఫైలు) మిగతా రెండింటినీ ఆపేయడంతో అన్నీ తీసేసి మళ్లీ వేసుకున్నాను. పేజ్‌మేకర్ కోసం వైన్‌ప్రిఫిక్స్ వేరియబుల్‌కు కొత్త ఫోల్డర్ పేరునూ, వైన్‌ఆర్క్‌కు విన్32 అనే విలువనూ ఇచ్చి, వైన్ సెట్టింగుల కిటికీ అయిన వైన్‌సీఎఫ్‌జీని తెరిస్తే 32 బిట్ ప్రిఫిక్స్ తయారవుతుంది. ఒకసారి తయారయ్యాక దాన్ని 64 బిట్‌కు మార్చలేం. ఆ కిటికీలోనే విండోస్ వెర్షన్‌గా ఎక్స్‌పీని ఎంచుకుని, అదే ప్రిఫిక్స్‌లో సీడీలోని సెటప్‌ను నడపండి. ఏదైనా డీఎల్ఎల్ లేదని సందేశం వస్తే వైన్‌ట్రిక్స్ ద్వారా ఆ ఒక్కదాన్నే చేర్చండి. ముందుజాగ్రత్త పేరుతో అన్నీ దించుకోవద్దు.

ప్రింటర్‌ను పేజ్‌మేకర్ తెరవడానికి ముందే లినక్స్‌లో అమర్చుకోవాలి. లినక్స్‌కు తెలిసిన ప్రింటర్లే వైన్‌కూ కనిపిస్తాయి. పేజ్‌మేకరేమో ఏ ప్రింటర్ కోసం పేజీ కడుతున్నామో డాక్యుమెంట్ సెటప్‌లోనే అడుగుతుంది. అను ఫాంట్ల టీటీఎఫ్ ఫైళ్లను ప్రిఫిక్స్‌లోని విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. ఫైలు తెరిచినప్పుడు తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు కనిపిస్తే కంగారుపడి వైన్‌ను తిట్టకండి: అను యూనికోడ్ కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను పేర్చిన ఏర్పాటు. సరైన ఫాంటు దొరికేవరకు ఎక్కడైనా అలాగే కనిపిస్తుంది.

ఫైళ్లు తెరిచి చూసి, ముద్రించుకోవడానికి ఇంతవరకు సరిపోతుంది. రోజూ కొత్తగా తెలుగు టైపు చేయాలన్నా, సాఫ్ట్‌వేర్‌కు హార్డ్‌వేర్ లాక్ (కంప్యూటర్‌కు తగిలించే తాళం లాంటి పరికరం) ఉన్నా వైన్‌తో కుస్తీ పట్టవద్దని నా సలహా. తెలుగు టైపింగ్ కోసం కీబోర్డును పట్టుకునే ప్రోగ్రాంల పట్టు వైన్ లోపలికే పరిమితం, లాక్‌లకేమో సొంత డ్రైవర్లు కావాలి. అలాంటప్పుడు, కంప్యూటర్‌లో ఇంకో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్‌బాక్స్‌లో, మీ దగ్గరున్న అసలు సీడీతో ఎక్స్‌పీని వేసుకోండి. దానికి 1 జీబీ మెమరీ చాలు. నెట్‌వర్క్ అడాప్టర్‌ను ఆపేసి, ఫైళ్ల రాకపోకలకు షేర్డ్ ఫోల్డర్ పెట్టుకోండి.

అన్నీ కుదిరిన రోజే ఆ ప్రిఫిక్స్ ఫోల్డర్‌నో, వర్చువల్ డిస్క్‌నో మొత్తంగా వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఆ పేజ్‌మేకర్ సీడీ ఇంకోటి కావాలంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ అంతా గాలించినా దొరుకుతుందన్న భరోసా లేదు.