ముప్పావుగంటలో కీమా బన్ను

మా ఆవిడ నర్సు. తనకి మధ్యాహ్నం డ్యూటీ పడిన వారం రాత్రి వంట నాది. ఆఫీసు వదిలి, విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటి మర్రిపాలెంలో ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. అప్పుడు అన్నం, పప్పు, వేపుడు అని మూడు గిన్నెలు పెట్టే ఓపిక ఎవరికుంటుంది? అందుకే కీమా బన్ను. ఒక మూకుడు, ఒక పెనం చాలు.

బొంబాయి కీమా పావ్‌కి, అమెరికా వాళ్ల స్లాపీ జోకి మధ్యలో ఉంటుంది నా పద్ధతి. స్లాపీ జో అంటే కీమాని టమాటా సాస్‌లో కొంచెం తీపి, కొంచెం పులుపు తగిలేలా దగ్గరగా ఉడికించి గుండ్రటి బన్నులో పెట్టేది. తీపికి వాళ్లు బ్రౌన్ షుగర్ వేస్తారు, నేను బెల్లం వేస్తాను. పక్కనే అనకాపల్లి ఉండగా సూపర్ మార్కెట్ల చుట్టూ తిరగడం దేనికి!

నలుగురికి అరకిలో మటన్ కీమా సరిపోతుంది. ముందే కొట్టి పెట్టింది వద్దు. ముక్క ఎంచుకుని, కళ్ల ముందే ముతకగా కొట్టించండి. మరీ మెత్తనిది ఉడికాక ముద్దయిపోతుంది. కొంచెం కొవ్వు ఉండాలి, రుచి అందులోనే ఉంది. ముక్కల కన్నా కీమా తొందరగా పాడవుతుంది, పైగా మన ఊరి ఉక్క ఒకటి. ఆదివారం కొన్నది సోమవారం రాత్రికైతే ఫ్రిజ్‌లో చాలు. బుధవారానికైతే ఫ్రీజర్‌లో పెట్టి, ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించాలి. మంగళ, శనివారాలు మా ఇంట్లో నీసు ముట్టం కాబట్టి ఈ లెక్క నాకు కంఠతా వచ్చు.

మూకుడు బాగా కాగాక రెండు చెంచాల నూనె వేసి, కీమా పరిచి, వెంటనే కలపకుండా ఓ నిమిషం వదిలేయండి. నీరు ఊరుతుంది. అది పూర్తిగా ఇగిరి, నూనె చిటపటలాడి, కీమా అక్కడక్కడా ఎర్రబడేదాకా పెద్ద మంటే. చాలామంది ఇక్కడ తొందరపడి టమాటా పోసేస్తారు. ఇక ఎంత మసాలా వేసినా ఆ నీసు వాసన పోదు.

ఇప్పుడు సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, రెండు పచ్చిమిర్చి, సగం క్యాప్సికం, పెద్ద చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద వేసి వేయించండి. పసుపు, చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి, ఉప్పు. మూడు టమాటాలు మిక్సీ పట్టి పోసి, అరగ్లాసు నీళ్లతో మూతపెట్టి, సన్నమంట మీద ఇరవై నిమిషాలు. మాంసం ముదురైతే ఇంకాసేపు. తర్వాత మూడు చెంచాల టమాటా కెచప్, చిన్న బెల్లం ముక్క, చెంచా వెనిగర్. వెనిగర్ లేకపోతే చింతపండు రసం పిండండి. గరం మసాలా అరచెంచా దాటొద్దు, దాటితే మటన్ కూర తింటున్నట్టే ఉంటుంది.

అసలు విషయం చిక్కదనం. పలచగా ఉంటే బన్ను చేతిలోనే విడిపోతుంది, వేపుడులా పొడిపొడిగా ఉంటే కీమా ఒళ్లో రాలుతుంది. గరిటెతో మూకుడు మధ్యలో గీత గీయండి. ఆ దారి వెంటనే పూడుకుపోకుండా ఉంటే స్టవ్ కట్టేయొచ్చు.

బేకరీలో ఊరికే బన్ను అంటే టూటీ ఫ్రూటీ పెట్టిన తీపి బన్ను ఇచ్చేస్తారు. పావ్ అని అడగండి. మధ్యకి కోసి, వెన్న రాసి, కోసిన వైపు పెనం మీద ఎర్రగా కాల్చండి. ఆ కాలిన పొర వల్లే సాస్ లోపలికి దిగకుండా ఉంటుంది. కీమా తినే ముందే పెట్టాలి, పైన ఉల్లిపాయ చక్రాలు, నిమ్మరసం. మా అమ్మ మాత్రం బన్ను జోలికి రాదు, అదే కీమా వేడన్నంలో కలుపుకుంటుంది.

మిగిలితే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున రెండు చెంచాల నీళ్లు చల్లి పొగలు వచ్చేదాకా వేడిచేసి దోసె మీద పరవండి. మా ఇంట్లో లాగా మంగళవారం పట్టింపు ఉంటే, సోమవారం రాత్రి కొలిచి వండుకోండి.