బయో మందులు పోసినా నేల కోలుకోవడం లేదా? ముందు ఇవి చూసుకోండి

మన గుంటూరు మిరప పల్లెల్లో ఏ మందుల కొట్టుకెళ్లినా హ్యూమిక్, సముద్రపు నాచు రసం, అమైనో అంటూ డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. వీటినే బయోస్టిమ్యులెంట్లు అంటారు, నేనూ వాడతాను. కానీ బయోస్టిమ్యులెంట్ ఎరువు కాదు, పురుగుమందు కాదు, నేలలో విషాన్ని కడిగేసేది అసలే కాదు. అది వేరునీ, మట్టిలోని సూక్ష్మజీవులనీ పనికి పురికొల్పుతుంది, అంతే. ఆ పనికి అడ్డుపడుతున్నదాన్ని అలాగే ఉంచి ఎన్ని డబ్బాలు పోసినా డబ్బు మట్టిపాలే.

హ్యూమిక్ వదిలాక డ్రిప్పు మూసుకుపోయింది, చేలో మార్పు లేదు

బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే హ్యూమిక్ విరిగిపోతుంది. గాజు గ్లాసులో మీ బోరు నీళ్లు పోసి నాలుగు చుక్కలు కలిపి అరగంట ఆగండి. అడుగున విరిగిన పాలలాగా నల్లటి తునకలు చేరితే, ఆ మందుని కాలువ నీళ్లతోనో వాన నీళ్లతోనో కలుపుకోండి. కాల్షియం నైట్రేట్‌తో ఒకే డ్రమ్ములో మాత్రం వద్దు.

ట్రైకోడెర్మా వేసినా వేరుకుళ్లు ఆగలేదు

ముందు వారం కార్బెండజిమ్ పోశారా? ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే కదా, ఆ మందు దీన్నీ చంపేస్తుంది. కనీసం రెండు వారాలు ఎడం ఇవ్వండి. పొడిని నేరుగా చల్లకుండా 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోలు కలిపి, తడి చిలకరించి, నీడన గోనెపట్టా కప్పి, బూజు పట్టాక పదునున్న చేలో వేయండి. వామ్ (వేర్లలో చేరి భాస్వరం అందించే మేలు శిలీంధ్రం) పనిచేయకపోతే, భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎన్ని బస్తాలు వేశారో లెక్కపెట్టుకోండి. నేలలో భాస్వరం నిండుగా ఉంటే మొక్క ఆ శిలీంధ్రాన్ని వేర్లలోకి పెద్దగా రానివ్వదు.

పైన తెల్లటి పొర

ఇది చౌడు, దీనికి డబ్బాల్లో మందు లేదు. మట్టి పరీక్షలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే తెల్ల చౌడు, మంచి నీళ్లు నిలగట్టి ఉప్పుని కిందికి దించాలి, మురుగు పోయే దారీ ఉండాలి. పీహెచ్ 8.5 దాటితే కారు చౌడు, రిపోర్టు చెప్పినంత జిప్సం వేసి, ఆ తర్వాత పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి పూత దశలో కలియదున్నండి. హ్యూమిక్ సంగతి ఆ తర్వాతే.

డీజిలు పడినచోట గడ్డి కూడా మొలవడం లేదు

మా ఆయిల్ ఇంజను పక్కన ఏళ్లతరబడి కారి, మంచమంత మేర నేల జిడ్డుబారిపోయింది. చినుకు పడితే ఇంకేది కాదు, మట్టిపెళ్లల మీద ముత్యాల్లా నిలబడేది. నేను జీవామృతం పోశాను, ఏమీ కాలేదు. అసలు సంగతేంటంటే డీజిలుని తినే బాక్టీరియా మామూలుగా ఆ మట్టిలోనే ఉంటుంది, దానికి లేనివి నత్రజని, గాలి. కారడం ఆపించి, జానెడు లోతు తవ్వి, వరిగడ్డి ముక్కలు, పాత పేడ ఎరువు, గుప్పెడు యూరియా కలిపి, తడి ఆరకుండా చూస్తూ పది రోజులకోసారి తిరగేశాను. వాసన పోవడానికి నెలలు పట్టింది, రెండో వానాకాలానికి అంచుల నుంచి గరిక పాకింది. అది చూసినరోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

స్ప్రే చేసిన మర్నాడే పురుగు రాలిపోయింది

సంబరపడకండి. బయోస్టిమ్యులెంట్ పురుగుని చంపదు. డబ్బాలో చెప్పకుండా పురుగుమందు కలిపారేమో అనుమానించండి. 2021 నుంచి ఇవి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి కాబట్టి లేబులు చదివి, బిల్లు తీసుకుని, అనుమానముంటే వ్యవసాయ అధికారికి చూపించండి.

మురుగు, ఫ్యాక్టరీ నీళ్లు పారిన మడి

సీసం, కాడ్మియం లాంటివి డీజిలులా కుళ్లిపోవు, ఏ సూక్ష్మజీవీ వాటిని మాయం చేయలేదు. మాగిన ఎరువు వాటిని కొంతవరకు పట్టి ఉంచుతుంది, అంతవరకే. మామూలు మట్టి పరీక్షలో ఇవి తేలవు, భార లోహాల పరీక్ష విడిగా అడగండి. రిపోర్టు వచ్చేదాకా ఆ మడిలో తోటకూర, పాలకూర, ముల్లంగి వేయకండి, గేదెలకి గడ్డీ కోయకండి.