రోహిణి కార్తె రాకముందే: పాత కారుకు కొత్త డెక్కు, స్పీకర్లు పెట్టించేవారికి జాగ్రత్తలు

ఇంట్లో పదిహేనేళ్లుగా తిరుగుతున్న మారుతీ 800కో, ఆల్టోకో, శాంట్రోకో పెళ్లిళ్ల సీజన్‌కు ముందు కొత్త డెక్కు పెట్టించాలని చాలామందికి ఉంటుంది. పెట్టించండి. కానీ కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవాళ్లు ఆ పనిని ఫిబ్రవరి, మార్చిలోనే ముగించుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో అద్దాలు మూసి నిలబెట్టిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది, డ్యాష్‌బోర్డు ఇంకా కాలిపోతుంది. చలికాలంలో బాగానే పనిచేసిన వదులు జాయింటు బయటపడేది అప్పుడే.

స్పీకర్లు కొనడానికి ముందు బండిలో కరెంటు ఎంత మిగులుతుందో లెక్క చూసుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజిను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసినప్పుడు 13 కిందికి జారుతుంటే ఆల్టర్నేటర్ (ఇంజినుతో తిరిగి కరెంటు తయారుచేసేది) కార్బన్ బ్రష్షులు, బెల్టు ముందు చూపించండి. ఆల్టర్నేటర్ 45 ఆంపియర్లది అనుకుందాం. హెడ్‌లైట్లకు 9, ఏసీ బ్లోయరు, క్లచ్, రేడియేటర్ ఫ్యాన్ కలిపి 20 దాకా, ఇంజినుకు మరో 6 పోతాయి. మిగిలేవి పదే. ట్రాఫిక్‌లో ఇంజిను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ పది కూడా రావు. ఛానెల్‌కు నిజంగా 50 వాట్లిచ్చే పాత రకం నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయరు పూర్తి వాల్యూమ్‌లో 27 ఆంపియర్ల దాకా లాగుతుంది. తక్కువ కరెంటుతో అంతే శబ్దమిచ్చే క్లాస్ డి రకానికి 19 సరిపోతాయి. చిన్న పాత కారుకు మా సలహా ఒక్కటే: మంచి డెక్కు, నాలుగు మంచి స్పీకర్లు, యాంప్లిఫయరు తప్పదంటే చిన్న క్లాస్ డి. పెద్ద బేస్ ట్యూబు జోలికి పోవద్దు. డెక్కు డబ్బా మీద 50x4 అని ఉన్నా నిలకడగా వచ్చేది ఛానెల్‌కు 15 నుంచి 20 వాట్లే. కారు లోపలికి అది తక్కువేం కాదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. ప్లస్ ముందు విప్పితే స్పానరు బాడీకి తగిలిందంటే చాలు, నిప్పు రవ్వలే. తిరిగి బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర.

పాత డెక్కు లాగగానే వెనక వైర్ల గుత్తిని వెలుతురులో పెట్టి చూడండి. గతంలో ఎవరో మెలేసి చుట్టిన నల్లటేపు ఉంటుంది. జిగురు కరిగి వేలికి అంటుతుంది, టేపు గొట్టంలా జారి పక్కకు వచ్చి ఉంటుంది, కింద రాగి పోగులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. వంచితే పైతొడుగు పెళుసుగా విరుగుతుంటే ఆ వైరును అతకడం దండగ, మార్చేయాలి. ఎలుక కొరికిన గుర్తులు కూడా అక్కడే దొరుకుతాయి. కొత్త జాయింట్లన్నీ సోల్డర్ చేసి, వేడికి బిగుసుకునే స్లీవు వేయించండి. సోల్డరింగ్ వద్దంటే వైరు మీద నొక్కి బిగించే సరైన క్రింపు లగ్గులు వాడండి. టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

డెక్కు పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎర్రదానికి తాళం తిప్పితేనే రావాలి, నలుపు ఎర్త్. పసుపు, ఎరుపు రెండూ కలిపి నేరుగా బ్యాటరీ ప్లస్‌కు ఇస్తే పని సులువే, కానీ తాళం తీశాక కూడా డెక్కు తాగుతూనే ఉంటుంది. స్పీకర్ల మైనస్ వైర్లను బాడీకి కలపకూడదు. కలిపితే డెక్కులో స్పీకర్లను నడిపే ఐసీ (చిప్పు) కాలిపోతుంది.

యాంప్లిఫయరు పెడితే బ్యాటరీ నుంచి విడి కేబుల్ లాగాలి, బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపలే ఫ్యూజ్ ఉండాలి. ఆ ఫ్యూజ్ కేబుల్‌ను కాపాడటానికి. ఎక్కడైనా తొడుగు చిరిగి వైరు బాడీకి తగిలితే అది ఎగరాలి, లేదంటే కేబుల్ మొత్తం కొలిమిలా కాలి సీటు అంటుకుంటుంది. 8 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు 40 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు. తక్కువ ధరకు దొరికే కేబుళ్లలో పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే తెల్లగా కనబడుతుంది. దానికి 30 దాటనివ్వొద్దు. ఇంజిను గోడలో కేబుల్ దూరే రంధ్రానికి రబ్బరు బుష్షు తప్పనిసరి. ఎర్త్ కోసం బాడీ రంగును మెరిసే ఇనుము కనపడేదాకా గీకి, లగ్గును బోల్టుతో బిగించి, పైన రంగో గ్రీజో పూయండి.

యాంప్లిఫయరును వెనక అద్దం కింద పార్సిల్ ట్రే మీద పెట్టొద్దు, ఎండ నేరుగా పడి గంటలోనే ఆగిపోతుంది. ముందు సీటు కింద చెక్క మీద, చుట్టూ 5 సెంటీమీటర్ల ఖాళీతో పెట్టండి. ఫ్లోరులో రంధ్రం వేయాల్సి వస్తే ముందు బండి కిందికి దూరి చూడాలి. పెట్రోలు, బ్రేకు పైపులు అటే పోతాయి, ట్యాంకు కూడా వెనక సీటు కింద ఉండొచ్చు. గ్యాస్ కిట్టున్న బండిలో సిలిండరు దగ్గర డ్రిల్లు పెట్టనే వద్దు.

స్పీకరు కోనులు పాలీప్రొపిలీన్‌వి, అంచులు రబ్బరువి చూసి కొనండి. ఫోమ్ అంచులు మన ఎండకు పొడిపొడిగా రాలిపోతాయి. తలుపులో బిగించే ముందు అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి, లేదంటే అయస్కాంతం అద్దానికి తగులుతుంది. అదురు తగ్గడానికి తలుపు లోపల అతికించే షీటు బ్యూటైల్ (ఒక రకం రబ్బరు)దైతే మేలు. తారు షీటు వేడికి కారి కంపు కొడుతుంది. తలుపు అడుగున నీళ్లు కారే రంధ్రాలు మూయకండి, మొదటి వానకే తుప్పు మొదలవుతుంది.

అంతా బిగించాక మల్టీమీటరుతో రెండు పరీక్షలు చేయించండి. ఇంజిను ఆన్ చేసి పాట గట్టిగా పెట్టి, బ్యాటరీ ప్లస్‌కూ యాంప్లిఫయరు ప్లస్‌కూ మధ్య కొలిస్తే అర వోల్టు మించకూడదు. మైనస్ వైపూ అంతే. తర్వాత తాళం తీసి, తలుపులు మూసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ మైనస్‌కూ విప్పిన వైరుకూ మధ్య మీటరును ఆంపియర్ల మీద పెట్టండి. కాసేపటికి 50 మిల్లీ ఆంపియర్ల లోపు రావాలి. 300 వస్తుంటే రోజుకు 7 ఆంపియర్ అవర్లకు పైగా పోతుంది, 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి నాలుగో రోజు సెల్ఫ్ కొట్టదు. మీటరు అలా ఉండగా తాళం తిప్పొద్దు, మీటరు పోతుంది.

వారం తిరిగాక ఫ్యూజ్ హోల్డరు పట్టి చూడండి. జానెడు దూరంలో ఉన్న అదే కేబుల్ కంటే హోల్డరు ఎక్కువ కాలుతున్నా, ప్లాస్టిక్ రంగు మారినా లోపల స్క్రూ వదులైనట్టే. బిగించి, ప్లాస్టిక్ మెత్తబడి ఉంటే హోల్డరు మార్చేదాకా ఫ్యూజ్ తీసి పక్కన పెట్టండి.