తాబేలు గూళ్ల మధ్య చెత్త ఏరడం

మాది హనుమకొండ, సముద్రానికి ఎంతో దూరం. అయినా చెత్త ఏరడానికి ఏటా పిల్లలను వెంటబెట్టుకుని కాకినాడ వైపు తీరానికి వెళ్తాను. మేడారంలో జంపన్నవాగులో వదిలేసిన సీసా గోదావరిలో కలిసి అక్కడికే చేరవచ్చు కదా!

ఆ తీరం ఇసుకలో ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి వరకు గుడ్లు పెడతాయి. అందువల్ల చెత్త ఏరే పెద్ద పని డిసెంబరులోనే ముగించండి. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. సంచులకు ఎనుమాముల మార్కెట్లో దొరికే పాత గోనెలు చాలు, ప్లాస్టిక్‌వి వద్దు.

గుడ్ల కాలంలో వెళ్తే పార, ట్రాక్టరు ముట్టుకోకండి. ఇసుక కింద, మోచేతి లోతులో, ఒక్కో గూటిలో సుమారు 100 గుడ్లుంటాయి. చేత్తోనే ఏరాలి. ఇసుకపై ట్రాక్టరు చక్రం జాడలాంటి గీత కనిపిస్తే అది తల్లి తాబేలు నడిచిన దారి. దాన్ని చెరపకండి, అటవీ సిబ్బంది గూటిని గుర్తించేది దానితోనే.

అన్నిటికంటే ముందు తెగిన వలలు తీయండి. తల్లులూ పిల్లలూ వాటిలోనే చిక్కుకుంటాయి. సగం పూడిన వలను బలంగా లాగితే కింద గూడు చెదిరిపోవచ్చు. పైకి కనిపించే భాగాన్ని కత్తితో కోసి, మిగిలినదాన్ని సిబ్బందికి చూపండి. మా పిల్లలకు ఇది నేర్పడానికే నాకు రెండేళ్లు పట్టింది.

మనుషులు తవ్వి వదిలేసిన గుంతలు పూడ్చండి, బొటనవేలంత తాబేలు పిల్ల వాటిలో పడితే పైకి రాలేదు. అయితే తాబేలు జాడ దగ్గరున్న గుంత జోలికి మాత్రం పోకండి. చీకటి పడకముందే తీరం వదలండి. టార్చి వెలుగు చూస్తే తాబేలు పిల్లలు సముద్రం దారి తప్పుతాయి.